కంపు లేని చెత్త

"సంతకం పెట్టమన్నాను. కంచం ముందు కూర్చుని ఆలోచించేవాడికి భోజనమూ ఒంటబట్టదు, ఆలోచనా ఒంటబట్టదు," అంది అత్తగారు.

వకీలు టైపు చేయించి పంపిన కాగితం టేబుల్ మధ్యన, మంచినీళ్ల గ్లాసు కింద రెపరెపలాడుతోంది. పక్కనే పెన్ను. కాగితం వచ్చినప్పటినుంచి దాన్ని ఒక్కొక్కరూ తీసుకోవడం, వేలు కాలినట్టు కింద పెట్టెయ్యడం.

కోడలు కంచం పక్కకి జరిపి కూర్చుంది. ఈ ఇంట్లో ఆమెకి ఒక ముద్దుపేరుంది. తక్కెడ. పెట్టింది అత్తగారే. పెళ్లయి వచ్చిన కొత్తలో ప్యాకింగ్ షెడ్డులో ప్రతి సబ్బుపొడి పాకెట్టునీ రెండోసారి తూచి చూస్తుంటే, "ఇది మనుషుల్ని కూడా తూస్తుంది, జాగ్రత్త," అంది ఆవిడ. అన్న మాట అబద్ధం కాదు. తూచింది. చాలామంది తక్కువే తూగారు.

ఇవాళ అందరికంటే తక్కువ తూగుతున్నవాడు ఎదురుగా కూర్చుని మారు వడ్డించుకుంటున్నాడు. ఇంటి అల్లుడు. ఊరి బయట పాత ప్లాస్టిక్‌ని ముక్కలు చేసి, కరిగించి, మళ్లీ పనికొచ్చే గింజలు తీసే షెడ్డు అతనిది. కనీసం బోర్డు మీద అలా రాసి ఉంది. పొద్దున ఆ షెడ్డుకి సీలు పడింది. సీలు పడ్డవాడికి ఇంత ఆకలి ఉంటుందని ఆమెకి ఇవాళే తెలిసింది.

"అత్తయ్యగారూ, నేను చెప్పేది ఒకటే," అన్నాడు అతను, ముద్దని ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి మార్చుకుంటూ. "బావ సంతకం పెడితే కంపెనీకి జరిమానాతో సరిపోతుంది. నేను ఒప్పుకుంటే నా లైసెన్సే పోతుంది. లెక్క మీరే వేసుకోండి."

"లెక్క వెయ్యడానికి అత్తయ్యని ఎందుకు కష్టపెట్టడం అన్నయ్యగారూ, నేనున్నాగా," అంది కోడలు.

"అదేగా భయం చెల్లెమ్మా," అని నవ్వాడు.

అతని పక్కన అతని భార్య, ఈ ఇంటి ఆడపిల్ల, చెంచాని బోర్లా తిప్పి, మళ్లీ వెల్లకిలా తిప్పి పెడుతోంది. పొద్దుట పుట్టింటికి వచ్చినప్పటినుంచి ఆమె నోరు విప్పలేదు. చివరన కోడలి మొగుడు కూర్చున్నాడు. అతను నీళ్లు తాగుతున్నాడు. తాగడం అయిపోయాక కూడా గ్లాసు దించలేదు.

ఈ గొడవంతటికీ మూలం ఒక కొత్త బాకీ. పాకెట్లలో సరుకు అమ్మేవాళ్లందరి నెత్తిమీదా కొన్నేళ్ల కిందట పడింది. బజారులోకి ఎంత బరువు ప్లాస్టిక్ వదిలావో అంత బరువు వెనక్కి ఏరించి కరిగించాలి. నీకు చేతకాకపోతే, చేతనైనవాడి దగ్గర 'ఇంత కరిగించాను' అనే సర్టిఫికెట్లు కొనుక్కుని, కాలుష్య మండలి పోర్టల్లో చూపించి బాకీ తీర్చుకోవాలి.

కోడలికి ఆ చట్టం మీద కోపం లేదు. సరుకు అమ్మి పొట్టు వీధిలో వదిలేస్తే ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు వచ్చి అడుగుతారని ఆమెకి తెలుసు. పైగా తమ పాకెట్టు మీద ఉన్నది అత్తగారి బొమ్మ. వయసులో ఉన్న రోజుల్లో తీయించుకున్న ఫొటో. జనం కొట్లో 'నవ్వే అమ్మ పొడి' అని అడుగుతారు. వాన పడ్డప్పుడల్లా మురిక్కాలవలో అత్తగారు వెల్లకిలా నవ్వుకుంటూ కొట్టుకుపోతుంటే కోడలు వంతెన మీంచి చూసేది. చూసి బాధపడేది అని మాత్రం చెప్పలేం.

"ఇంట్లో అల్లుడుండగా సర్టిఫికెట్లు బయటివాళ్ల దగ్గర కొనుక్కోవడమేమిటి," అని షెడ్డుకి పెట్టుబడి పెట్టింది అత్తగారే. రిబ్బను కత్తిరించిందీ ఆవిడే. ఆ రోజు మెషీను తిప్పి చూపించలేదేమని కోడలు అడిగితే, ఆ చప్పుడుకి అత్తయ్యగారికి తలనొప్పి వస్తుందన్నాడు అల్లుడు. చెత్తతో వ్యాపారం పెట్టినవాడు జేబురుమాలు ముక్కు మీంచి తియ్యకుండానే అతిథులకి షర్బతు అందించాడు.

ఇక ఇవాళ పొద్దుటి సంగతి. మండలి ఆఫీసరమ్మ చెప్పాపెట్టకుండా షెడ్డుకొచ్చింది. చెత్త దగ్గరికి వెళ్తున్నాననుకుని పాపం ఆమె కూడా ముక్కుకి గుడ్డ కట్టుకునే వచ్చింది. లోపల రెండడుగులు వేసి గుడ్డ విప్పేసింది. కంపు లేదు. ఈగ లేదు. గోడవారన నొక్కి కట్టిన బేళ్లు బట్టలకొట్లో కొత్త తానుల్లా తళతళలాడుతున్నాయి.

ఒక బేలులోంచి వేలాడుతున్న కొస పట్టుకుని లాగింది. వచ్చింది. ఇంకా లాగింది. ఇంకా వచ్చింది. ఆ కొస పట్టుకుని ఆమె గేటు దాకా నడుచుకుంటూ వెళ్తే, వెనకాల అత్తగారి మొహాలు ఒకదాని వెంట ఒకటి బారులు తీరి నవ్వుతూ వస్తూనే ఉన్నాయి. కత్తెర పడని మొహాలు, అతుకు పడని మొహాలు, చిటికెడు పొడి ఎరగని మొహాలు.

"వీటితో బట్టలు ఉతుక్కున్నదెవరండీ?" అని అడిగిందట ఆఫీసరమ్మ.

"కడిగించామండి," అన్నాడట అల్లుడు.

ఆ జవాబుతోనే షెడ్డుకి సీలు పడింది. అదే ఊపులో కంపెనీ రిజిస్ట్రేషన్ కూడా నిలిపేశారు. లోడెత్తిన లారీలు గేటు లోపలే నిలబడిపోయాయి. కంపెనీ తరఫున బాధ్యుడు సాయంత్రం ఆఫీసు మూసేలోపు వచ్చి, పాకెట్లుగా కొయ్యాల్సిన ఈ ప్లాస్టిక్ చుట్టలు, ఈ రోళ్లు, చెత్తలోకి ఎలా వెళ్లాయో చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే కంపెనీ మీదా, షెడ్డు మీదా కేసు పడుతుంది.

"జరిమానా కట్టేద్దాం," అంది అత్తగారు. "డబ్బు ఇవాళ పోతే రేపొస్తుంది. నా కూతురి సంసారం పోతే వస్తుందా?"

"జరిమానా ఒక్కటే కాదత్తయ్యా. ఈ కాగితం చదివారా మీరు?"

"వకీలు చదివాడు. చాలు."

"వాడని రోళ్లని చెత్తగా చూపించమని కంపెనీయే పురమాయించింది, అల్లుడుగారు అమాయకంగా నమ్మారు అని రాశాడు. ఇది ఒప్పుకున్న రోజున మన రిజిస్ట్రేషన్ రద్దయిపోతుంది. అది లేకుండా ప్లాస్టిక్ పాకెట్లో చిటికెడు పొడి కూడా అమ్మలేం. లారీలు దింపుకోవాలి. ప్యాకింగ్ షెడ్డులో ఆడవాళ్లందరినీ ఇళ్లకి పంపాలి. తర్వాత ఏం చేద్దాం, కాగితం పొట్లాలు కట్టుకుందామా?"

"నేను మొదలుపెట్టింది పొట్లాలతోనే."

"అప్పుడు మీ మొహం అచ్చెయ్యాల్సిన పని లేదు."

అత్తగారి చెయ్యి కంచం అంచు మీద ఆగిపోయింది. అల్లుడు మాత్రం ఆగలేదు. అతనికి ఏ మాటా అడ్డం పడదు. గొంతు అంత వెడల్పు.

"చెల్లెమ్మ కోపంలో ఉంది," అన్నాడు. "అయినా తప్పు నాది కాదమ్మా. సరుకు ఎంత శుభ్రంగా ఉందో చూడు. ఇలాంటి చెత్త ఏ షెడ్డులోనైనా దొరుకుతుందా? నీకు చూపిద్దామనే తెచ్చాను." కుర్చీ వెనక తగిలించిన సంచీలోంచి ఆ బేలు ప్లాస్టిక్ పట్టీ ఒకటి తీసి, కొత్త కోడలికి పట్టుబట్ట చూపించినట్టు టేబుల్ మీద పరిచాడు.

శుభ్రంగా ఉందన్నందుకు మెచ్చుకుంటారని నిజంగానే అనుకున్నాడు. కోడలికి ఒక్క క్షణం జాలి వేసింది. ఆ క్షణం గడవగానే జాలి కూడా గడిచిపోయింది.

"మీరు చెయ్యాల్సిన పని ఏమిటి అన్నయ్యగారూ? మనుషుల్ని పెట్టి వీధుల్లో వాడేసిన పాకెట్లు ఏరించడం."

"ఏరిస్తే ఏమొస్తుందో తెలుసా నీకు? వాటిలో ఏమేమి ఉంటాయో తెలుసా? ఒకసారి చూశాను. రెండు రోజులు భోజనం సహించలేదు."

"ఇవాళ ఆ లోటు తీరిపోయింది."

అత్తగారు "తక్కెడా" అంది హెచ్చరికగా.

కోడలు పట్టీని చేతిలోకి తీసుకుంది. రోలు మీద ఇంకా కొయ్యని పాకెట్లు, వరసగా. ఆమె చేతుల మీదుగా ఇలాంటివి ఎన్ని వెళ్లాయో లెక్కలేదు. అయినా వేళ్లకి ఏదో తేడా తగిలింది. వెలుతురు వైపు తిప్పి చూసింది.

"ఈ గెడ్డం ఇంత కిందికి ఎప్పుడు దిగింది?" అంది.

అల్లుడు మెడ సాచి పట్టీలోకి చూశాడు.

"అత్తయ్య గెడ్డం. మన పాకెట్టు మీద బొమ్మ కింద ఒక వరస ఉంటుంది, మన రిజిస్ట్రేషన్ నంబరు. అది లేకుండా పాకెట్టు బజారులోకి పోకూడదు. ఇందులో ఆ చోట గెడ్డం ఉంది. నా ప్యాకింగ్ షెడ్డులోకి ఇలాంటి రోలు ఒక్కటీ రాలేదు. అన్నయ్యగారూ, ఇవి మీకెవరిచ్చారు?"

అల్లుడు బావ వైపు చూశాడు. బావ గ్లాసు దించాడు. అందులో నీళ్లెప్పుడో అయిపోయాయి.

కోడలికి అప్పటిదాకా ఒక నమ్మకం ఉంది. అల్లుడు ప్రింటింగువాడిని పట్టుకుని దొంగచాటుగా రోళ్లు తెప్పించుకుని ఉంటాడనీ, తన మొగుడు చేతకానివాడే తప్ప తప్పుడువాడు కాదనీ. ఇంట్లో ఒకడినే అసహ్యించుకోవాలంటే పని తేలిక. ఇద్దరయ్యేసరికి ఎవరితో మొదలుపెట్టాలో తెలియలేదు.

"చెప్పు," అంది మొగుడితో.

"అమ్మే అంది," అన్నాడు అతను. నలభై దాటిన మనిషి, మొదటి మాటే అది. "బొమ్మ మరీ చిన్నదైపోయింది, కొట్లో కనిపించడం లేదు అని. సరే కదా అని పెద్దది చేయించాను."

"నేను బొమ్మ పెద్దది చెయ్యమన్నాను," అంది అత్తగారు. "నంబరు తియ్యమన్నానా?"

"రెండూ పట్టవమ్మా."

"పట్టవని నాకు చెప్పాలిగా."

"చెప్తే బొమ్మ తగ్గించమనేదానివా నువ్వు?"

అత్తగారు మొహం తిప్పుకుంది. కళ్లు మాత్రం పట్టీ మీదికి పోయాయి. ఒక్క రెప్పపాటు, ఆ పెద్ద మొహం బాగుందా లేదా అని చూసుకుంది. కోడలు అది కూడా చూసింది.

"రోళ్లన్నీ అచ్చయి వచ్చాక గానీ నంబరు లేదని కనిపించలేదు," అన్నాడు మొగుడు. "అమ్మకి చెప్తే తిడుతుంది. నీకు చెప్తే తిట్టవు, చూస్తావు. ఆ చూపు కంటే తిట్లే నయం. అందుకని బావకి ఇచ్చి ఎక్కడైనా వదిలించుకోమన్నాను."

"నేనెందుకు పారెయ్యాలి?" అన్నాడు అల్లుడు, ఇంతమందిలో తనొక్కడే తెలివైనవాడైనట్టు. "బరువు బరువే కదా. బేళ్లు కట్టించాను, ఫొటోలు తీయించాను, పోర్టల్లో ఎక్కించాను. సర్టిఫికెట్లు వచ్చాయి. మీకే కదా ఇచ్చాను, బయటివాళ్లకా?"

"ఇచ్చారా, అమ్మారా?"

"బజారు కంటే తగ్గించే."

కోడలు వేళ్లు మడవలేదు, పెదవి కదపలేదు. ఈ లెక్కకి అవేమీ అక్కర్లేదు. రోళ్లు డబ్బిచ్చి కొన్నాం. పనికిరాకుండా చేసుకున్నాం. వాటిని మోయించడానికి మనమే లారీ పెట్టాం. మన రోళ్లని మనమే పారేసినందుకు సర్టిఫికెట్టు అని మళ్లీ మనమే కొన్నాం. ఇంత చేశాక కాలవలో అత్తగారు ఒక్క మొహం కూడా తగ్గలేదు. ఆమె పుట్టింట్లో మూడు తరాలు వ్యాపారం చేశారు. అందులో దివాలా తీసినవాళ్లున్నారు, మోసపోయినవాళ్లున్నారు, మోసం చేసినవాళ్లూ ఉన్నారు. తమని తామే మోసం చేసుకుని, అందులో తగ్గింపు ధర ఇచ్చుకున్నవాళ్లు మాత్రం లేరు.

"నవ్వుతున్నావేమిటి?" అన్నాడు మొగుడు.

"నవ్వడం లేదు. తూస్తున్నాను."

అత్తగారు కుర్చీ వెనక్కి జరిపింది. ఆవిడ అరవై ఏళ్ల మనిషి, ఒక బకెట్టులో పొడి కలపడంతో ఈ ఇల్లు కట్టింది. అలాంటి మనిషి సిగ్గుపడుతుందని ఎదురుచూసినవాళ్లకి ఆవిడ సంగతి తెలియదన్నమాట.

"సరే. జరిగిందేదో జరిగింది," అంది. "బొమ్మ గురించి, గెడ్డం గురించి ఆఫీసులో చెప్పక్కర్లేదు. బయట నా మొహం చూసి సరుకు కొంటున్నారు. అబ్బాయి సంతకం పెట్టి వెళ్లొస్తాడు. నాలుగు రోజులు పోయాక వేరే పేరు మీద మళ్లీ రిజిస్ట్రేషన్ తెచ్చుకుందాం. కూతురి సంసారం నిలబడుతుంది. పెట్టరా."

మొగుడు పెన్ను తీశాడు. ఇందాకటిలా కింద పెట్టెయ్యలేదు. మూత తీశాడు.

"నిజంగా పెడతావా?" అంది కోడలు.

"మరేం చెయ్యమంటావు?"

"జరిగింది చెప్పు. అచ్చు తప్పు పడిందనీ, వదిలించుకోమని ఇచ్చాననీ."

"అప్పుడు బావ మునిగిపోతాడు."

"అన్నయ్యగారు మునగరు. నురగలా పైనే ఉంటారు."

అల్లుడు దీనికి కూడా నవ్వబోయి, పక్కన భార్య చెంచా తిప్పడం ఆపేసిందని గమనించి మానుకున్నాడు.

అప్పుడే కోడలి ఫోను మోగింది. కొత్త నంబరు. ఎత్తగానే అటునుంచి ఒక ఆడగొంతు, తొందర లేని గొంతు. మండలి ఆఫీసరమ్మ.

"ఇంకా రాలేదేమిటండీ? మీ కోసమే కూర్చున్నాం."

"మా ఆయన బయల్దేరుతున్నారండీ."

"మీ ఆయన వచ్చి ఏం చేస్తారు? పోర్టల్లో కంపెనీ అధీకృత ప్రతినిధి మీరు. మొదటినుంచీ ప్రతి డిక్లరేషనూ మీ ఫోన్ నంబరు మీదే ఆమోదించారు. మాట్లాడాల్సింది మీతోనే."

కోడలు ఫోను దించి మొగుడి వైపు చూసింది. అతను పెన్నుకి మూత పెట్టేస్తున్నాడు. ఆ మూత పెట్టిన తీరులోనే సంగతంతా ఉంది.

ఓటీపీలు. ప్యాకింగ్ లైను మీద నిలబడి ఉండగా ఫోన్ చేసి, "ఒక నంబరు వచ్చిందేమో చూడు, చదువు," అనేవాడు. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, చేత్తో పాకెట్లు తూస్తూనే చదివి వినిపించేది. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. గ్రాము తేడా వస్తే లైను ఆపేసే మనిషి, ఆ అంకెలు దేనికని ఒక్కసారీ అడగలేదు. కాపురంలో దాన్ని నమ్మకం అంటారనుకుంది. తూకం వెయ్యకుండా గేటు దాటించిన సరుకు అది, ఇంకేం కాదు.

"నా పేరెందుకు పెట్టావు?"

మొగుడు నీళ్లు నమిలాడు. "ఆడవాళ్ల పేరు మీద ఉంటే మర్యాదగా మాట్లాడతారని... బావే చెప్పాడు."

బల్ల చుట్టూ ఒక మార్పు వచ్చింది. ఎవరూ కుర్చీల్లోంచి కదల్లేదు గానీ, అందరూ తన వైపు తిరిగినట్టు కోడలికి తెలిసింది. అల్లుడు నీళ్ల గ్లాసు తీసి, కాగితాన్ని వేలి కొసతో ఆమె వైపు మెల్లగా జరిపాడు. మొగుడు పెన్ను జరిపాడు. తన పదేళ్ల కాపురంలో ఆ బావా బావమరిదీ కలిసికట్టుగా చేసిన పని అదొక్కటే.

"అమ్మాయ్," అంది అత్తగారు.

ఆ పిలుపు కోడలు ఇంతవరకూ వినలేదు. తక్కెడ అనే పేరు ఎంత హాయిగా ఉండేదో ఇప్పుడు తెలిసింది.

"ఇంటి పరువు నీ చేతిలో ఉందమ్మా. ఒక్క సంతకం. నీకేమీ కాకుండా నేను చూసుకుంటాను."

"మీరు నన్ను చూసుకోవాల్సి వచ్చే దాకా తెచ్చారు చూశారా అత్తయ్యా, అదీ గొప్ప." లేచి, పట్టీని మడిచి భుజం సంచీలో పెట్టుకుంది. కారు తాళాలు తీసుకుంది. కాగితం ఉన్నచోటే ఉంది.

"అక్కడ ఏం చెప్తావు?" అన్నాడు మొగుడు వెనకనుంచి.

ఆమె గుమ్మం వైపు నడిచింది. నిజానికి ఆమెకీ తెలియదు. తెలియకుండా గడప దాటడం ఆమెకి ఇదే మొదలు.

బయట ఎండ తగ్గింది. కారులో కూర్చుని తలుపు వెయ్యబోతుంటే అవతలి తలుపు తెరుచుకుంది. ఆడపడుచు. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోలేదు. ఎక్కి కూర్చుని, ఒళ్లో చేతులు పెట్టుకుంది. చెంచా ఇంకా చేతిలోనే ఉంది.

"నువ్వెక్కడికి?"

"వదినా, ఆయన మీద కోపంతో చెప్తున్నానని మాత్రం అనుకోకు." పొద్దుటినుంచి ఆమె మాట్లాడడం ఇదే మొదలు. "ఆ షెడ్డులో మెషీనుకి ఇంతవరకూ కరెంటు కనెక్షనే లేదు."

కోడలు తాళం తిప్పకుండా ఆమె వైపు తిరిగింది.

"రిబ్బను కత్తిరించిన రోజు లేదు. ఇవాళా లేదు. ఈ రోళ్లొక్కటే కాదు వదినా, మీకిచ్చిన సర్టిఫికెట్లలో ఒక్కటీ నిజం కాదు. ఊళ్లో ఇంకెంతమందికి అమ్మారో నాకు తెలియదు."

నిజం కాని ప్రతి సర్టిఫికెట్టు వెనకా తను చదివి వినిపించిన అంకెలున్నాయి. కోడలు అద్దంలోంచి ఇంటి వైపు చూసింది. గుమ్మంలో అత్తగారు, ఆవిడ భుజం పక్కన మొగుడు, మొగుడి వెనక చెయ్యి తుడుచుకుంటూ అల్లుడు.

"నేను నీతో వస్తే ఆ ఆఫీసరమ్మ నన్ను అడుగుతుంది," అంది ఆడపడుచు. "అడిగితే దాచలేను. నా సంసారమూ పోతుంది, మీ కంపెనీ కూడా పోతుంది." చెంచాని ఇద్దరి మధ్యా సీటు మీద పెట్టింది. "చెప్పు వదినా. రానా, దిగిపోనా?"